పేరు పెట్టి పిలిచే ప్రోగ్రాము

గుడివాడ ఊరు నూరేళ్ళ క్రిందట ఎక్కడ ఉన్నదో నేడూ అక్కడనే ఉన్నది. ఆ ఊరి చిరునామా మాత్రం అట్లా స్థిరంగా లేదు. 1953 అక్టోబరు 1వ తేదీకి ముందు అది మద్రాసు రాష్ట్రంలోనిది. ఆనాటి నుంచి ఆంధ్ర రాష్ట్రంలోనిది. 1956 నవంబరు 1వ తేదీ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనిది. జిల్లా పేరు “కృష్ణా” అనే ఉన్నది గాని, ఆ పేరుకు అర్థం మారుతూ వచ్చింది. 1904లో గుంటూరు, 1925లో పశ్చిమ గోదావరి వేరు జిల్లాలయినవి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. దానితో దివి తాలూకా అన్న మాట పాత కాగితాలకే పరిమితమయింది.

2022 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు కృష్ణా జిల్లా మరొకసారి చీలింది. విజయవాడ కేంద్రంగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడింది. నూజివీడు, కైకలూరు ప్రాంతాలు ఏలూరు జిల్లాలో చేరినవి. మచిలీపట్నం కేంద్రంగా మిగిలిన భాగం కృష్ణా జిల్లాగానే నిలిచింది. గుడివాడ, దివిసీమ ఈ భాగంలోనివే.

ఇట్టి మార్పు వచ్చినప్పుడు పూర్వం గుమాస్తా రిజిష్టరులో ఒక పేరు కొట్టివేసి ప్రక్కన మరొక పేరు వ్రాసేవాడు. ఎక్కడ మార్చాలో, ఎక్కడ మార్చరాదో అతనికి తెలుసు. నేడు ఆ రిజిష్టర్ల పని చాలవరకు కంప్యూటర్లు చేస్తున్నవి. కంప్యూటరుకు ఊళ్ళు తెలియవు, జిల్లాలు తెలియవు. దానికి తెలిసినది వరుసగా పేర్చిన అక్షరాలు మాత్రమే. అందువలన కంప్యూటరుకు ఆదేశాలు వ్రాసేవారు, అనగా ప్రోగ్రాము వ్రాసేవారు, ఒక చిన్న నియమాన్ని పాటిస్తారు. నియమం చిన్నదే గాని, దానిని పాటించని ప్రోగ్రాము మొదటి మార్పు రాగానే తబ్బిబ్బవుతుంది.

ఉన్నదున్నట్లు వ్రాస్తే

ఉమ్మడి కృష్ణా జిల్లాలోని పాఠశాలలకు పనికివచ్చే ఒక ప్రోగ్రామును ఊహించవచ్చు. అది విద్యార్థుల గుర్తింపు కార్డులు, బదిలీ పత్రాలు, మార్కుల జాబితాలు ముద్రిస్తుంది. ప్రతి కాగితం మీదా జిల్లా పేరు ఉండాలి. వ్రాసినవాడు ఎక్కడ అవసరమయితే అక్కడ “కృష్ణా” అని వ్రాసుకుంటూ పోయినాడు. అట్లా అది నలభై చోట్ల పడింది.

కొటేషను గుర్తుల మధ్య వ్రాసిన ఇట్టి అక్షరాల దండను స్ట్రింగు అంటారు. కంప్యూటరు దాని అర్థం జోలికి పోదు. అక్షరాలను ఉన్నవి ఉన్నట్లు తీసుకుంటుంది. విలువను ఈ విధంగా ఆదేశాల మధ్యనే నేరుగా పొదిగి వ్రాయడాన్ని హార్డ్‌కోడింగు అంటారు. మొదటి రోజున దీనివల్ల ఏ చిక్కూ ఉండదు. ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది.

చిక్కు 2022 ఏప్రిల్ 4న వస్తుంది. ఆనాడు ఒకడు కూర్చుని, “కృష్ణా” అని ఉన్న చోటనల్లా “ఎన్.టి.ఆర్.” అని మార్చమని కంప్యూటరుకు చెప్పినాడనుకుంటే, అది క్షణంలో మార్చివేస్తుంది. కాని ఆ మార్పుతో గుడివాడ, అవనిగడ్డ పాఠశాలలు ఎన్.టి.ఆర్. జిల్లాలోకి పోతాయి, అది తప్పు. ఏలూరు జిల్లాలోకి పోవలసిన నూజివీడు కూడా ఎన్.టి.ఆర్. జిల్లాలోకే పోతుంది, అదీ తప్పు. పాఠ్యాంశంలో “కృష్ణా నది” అని ఉంటే అది “ఎన్.టి.ఆర్. నది” అవుతుంది. ఇది చూచినవారు నవ్వుతారు గనుక పొరపాటు వెంటనే బయటపడుతుంది. అన్నిటికన్న ప్రమాదకరమైనది మరొకటి. మచిలీపట్నంలో 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం పేరు ఆ జాబితాలో ఉంటే, అది “ఎన్.టి.ఆర్. విశ్వవిద్యాలయం” అవుతుంది. విజయవాడలో ఆ పేరుతో వ్యవహరించే ఆరోగ్య విశ్వవిద్యాలయం నిజంగానే ఉన్నది కనుక ఈ తప్పు ఎవరి కంటికీ తప్పుగా కనబడదు.

పోనీ, నలభై చోట్లూ ఒక్కొక్కటిగా చూచి మారుద్దామంటే, ముప్పైతొమ్మిది మార్చి ఒకటి మరిచిపోవడం మానవ సహజం. ఆ ఒక్కటి ఎప్పుడో ఒక పత్రం మీద అచ్చయి, ఒక విద్యార్థిని ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి త్రిప్పుతుంది.

పెడన అచ్చు, బీజగణితపు చరరాశి

ఈ చిక్కుకు పరిష్కారం మచిలీపట్నం ప్రక్కనే ఉన్న పెడనలో కళ్ళకు కట్టినట్లు కనబడుతుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు కలంతో బట్ట మీద బొమ్మను గీస్తారు. పెడనలో కొయ్య మీద పువ్వును చెక్కి అచ్చు చేసుకుంటారు. పువ్వు చెక్కేది ఒక్కసారి. అద్దేది వందల సార్లు. పువ్వు రేకు మార్చాలంటే అచ్చును సరిచేస్తే చాలు, ఆ పైన అద్దిన ప్రతి పువ్వులోనూ ఆ మార్పు వస్తుంది.

ప్రోగ్రాములో అచ్చు చేసే పనిని పేరు చేస్తుంది. ఉన్నత పాఠశాల విద్యార్థులకు బీజగణితంలో చరరాశి తెలిసినదే. ఒక అక్షరం ఒక సంఖ్యకు బదులు నిలబడుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములో ఒక్క అక్షరానికి బదులు అర్థవంతమైన పేరు వ్రాయవచ్చు, అది సంఖ్యకే గాక స్ట్రింగుకు కూడా బదులు నిలబడగలదు. ఉదాహరణకు:

ఉత్తీర్ణత_మార్కు = 35
జిల్లా_పేరు = “కృష్ణా”
నది_పేరు = “కృష్ణా”

ఇక్కడ సమాన చిహ్నం బీజగణితంలోని సమీకరణం కాదు. కుడి ప్రక్కనున్న విలువకు ఎడమ ప్రక్కనున్న పేరు పెట్టుమని ఆదేశం. ఆ తరువాత నలభై చోట్లా “కృష్ణా” అని వ్రాయక జిల్లా_పేరు అని వ్రాస్తారు. విలువ మారితే పై వరుసలో ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. జిల్లా పేరు మార్చినా నది పేరు చెక్కుచెదరదు. రెండింటి అక్షరాలూ ఒకటే అయినా పేర్లు వేరు కదా!

అచ్చుతో పోలిక ఇక్కడ ఒక విషయంలో ఆగిపోతుంది. అచ్చును మార్చినంత మాత్రాన నిన్న అద్దిన బట్ట మారదు. ప్రోగ్రాములో మాత్రం, తిరిగి నడిపిన ప్రతిసారీ పేరున్న చోటనల్లా క్రొత్త విలువే వస్తుంది. ఇది సౌకర్యమే గాని, పాత కాగితం తిరిగి ముద్రించవలసినప్పుడు చిక్కు తెస్తుంది. దాని సంగతి తరువాత తెలుస్తుంది.

పేర్లు పెట్టే సదుపాయం కంప్యూటర్లకు పుట్టుకతో రాలేదు. తొలినాటి యంత్రాలలో ప్రతి విలువకూ అది ఉన్న గది సంఖ్య మాత్రమే గుర్తు. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాషలో చరరాశికి పేరు పెట్టవచ్చు గాని, ఆ పేరు ఆరు అక్షరాలకు మించరాదు. తరువాతి భాషలు ఈ హద్దును క్రమంగా తొలగించినవి. 2008లో వచ్చిన పైథాన్ 3వ రూపంలో పేర్లను ఇంగ్లీషు అక్షరాలలోనే గాక తెలుగు అక్షరాలలోనూ వ్రాయవచ్చు. పైన చూపిన మూడు పేర్లనూ ఆ భాష అంగీకరిస్తుంది.

మౌనంగా జరిగే తప్పు

ఒక్కచోట మారిస్తే సరిపోవడం పేరు వలన కలిగే మొదటి లాభం. రెండవది అంతకన్న పెద్దది. దానిని గ్రహించడానికి దివిసీమకు పోవలెను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసింది. అధికారిక లెక్కల ప్రకారమే ఆ తుఫానులో సుమారు 10,000 మంది మరణించినారు. ఆనాటి నుంచి కోస్తాలో తుఫాను హెచ్చరిక అన్న మాటకు ఉన్న బరువు వేరు. నేడు హెచ్చరికలు రేడియోలోనే గాక చేతి ఫోనులకు సందేశాలుగా కూడా వస్తున్నవి. అట్టి సందేశాలు పంపే ప్రోగ్రామును ఒకదానిని ఊహించి, అందులో ఈ ఆదేశం ఉన్నదనుకోవచ్చు: మండలం “నాగయలంక” అయితే సందేశం పంపు.

సరి అయిన పేరు నాగాయలంక. వ్రాసినవాడు ఒక్క దీర్ఘం మరిచినాడు. కంప్యూటరు ప్రతి మండలం పేరునూ ఈ స్ట్రింగుతో పోల్చి చూస్తుంది. ఏదీ సరిపోదు. సరిపోలేదు కనుక సందేశం పంపదు. అక్కడ తప్పు జరిగిందని దానికి తోచదు. “నాగయలంక” అన్న మండలం కనబడలేదు, అంతే. ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ లేకుండా చివరి వరకు నడిచి ఆగిపోతుంది. తెర మీద అంతా సవ్యంగానే కనబడుతుంది.

ఇదే విలువకు మొదట ఒక్కసారి నాగాయలంక అనే చరరాశి పేరు పెట్టి, అన్ని చోట్లా ఆ పేరునే వాడితే ఏమవుతుంది? వ్రాసినవాడు ఒకచోట దీర్ఘం మరిచి నాగయలంక అన్నా, అట్టి పేరు ఎవ్వరూ పెట్టలేదే అని కంప్యూటరు ఆగి అడుగుతుంది. కొన్ని భాషలలో ప్రోగ్రాము నడవక ముందే అడుగుతుంది. పైథాన్ వంటి భాషలలో ఆ వాక్యం వద్దకు రాగానే అడుగుతుంది. అన్ని భాషలూ ఇట్లా అడగవు, అడిగేవే మేలు. స్ట్రింగులో జరిగిన తప్పు మౌనంగా ఉంటుంది, పేరులో జరిగిన తప్పు కేక వేస్తుంది. అయితే పేరు పెట్టిన మొదటి వరుసలోనే విలువ తప్పుగా వ్రాస్తే ఈ కాపలా పనిచేయదు. కాని అప్పుడు సరిచూడవలసినది ఒకే ఒక వరుస.

తెలుగులో ఈ జాగ్రత్త మరింత అవసరం. బందరు, మచిలీపట్నం, మచిలీపట్టణం అన్నవి చదువరికి ఒకే ఊరు. కంప్యూటరుకు మూడు వేరు వేరు స్ట్రింగులు. ఇంతకన్న చిత్రమైన సంగతి మరొకటి ఉన్నది. తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు తరువాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా కంటికి కనబడని ఒక చిహ్నాన్ని చేరుస్తారు. “ఆంధ్రప్రదేశ్‌లో” అని టైపు చేసి, చివరి “లో” తొలగిస్తే, ఆ చిహ్నం మిగిలిపోవచ్చు. అప్పుడు రెండు “ఆంధ్రప్రదేశ్”లు కంటికి ఒకటే, కంప్యూటరుకు వేరు. స్ట్రింగు ఈ చిహ్నాన్ని నోరెత్తకుండా మ్రింగుతుంది. చరరాశి పేరులో అది దూరితే పైథాన్ ఒప్పుకోక వెంటనే చూపిస్తుంది.

ఏ పేరు పెట్టవలెను?

పేరు పెట్టినంత మాత్రాన పని తీరదు. పది = 10 అని వ్రాసినవాడు సాధించినది ఏమీ లేదు. ఆ పది దేనికి గుర్తో అతడు చెప్పలేదు.

మచిలీపట్నం వంటి రేవులలో తుఫాను సమయాన ఎగురవేసే ప్రమాద సూచికలకు సంఖ్యలున్నవి. 8, 9, 10 సంఖ్యలు మహా ప్రమాదాన్ని తెలుపుతాయి. తుఫాను రేవు మీదుగా గాని, దానికి అతి సమీపంగా గాని తీరం దాటే సూచన 10వ నంబరు. ఇదే ప్రోగ్రాములో పదవ తరగతి విద్యార్థులకు సెలవు ప్రకటించే భాగం కూడా ఉన్నదనుకుంటే, అక్కడా 10 వస్తుంది. రెండింటికీ పది అన్న ఒకే పేరు పెట్టినవాడు, రేపు ఒక దానిని మార్చవలసి వచ్చినప్పుడు రెండవ దానినీ పాడుచేస్తాడు. రేవు_మహాప్రమాద_సూచిక అని ఒకటి, పై_తరగతి అని ఒకటి వ్రాస్తే ఈ ముడి పడదు. కనుక పేరు విలువను తెలుపరాదు, ఆ విలువ చేసే పనిని తెలుపవలెను. విలువలు సమానమైనంత మాత్రాన పేర్లు ఒకటి కానక్కరలేదు. నది “కృష్ణా”, జిల్లా “కృష్ణా” విషయంలో చూచినదీ ఇదే.

అట్లని ప్రతి స్ట్రింగుకూ పేరు పెట్టుకుంటూ పోవడమూ తగదు. ఒకే ఒక్కచోట వచ్చి, చదవగానే అర్థమయ్యే “దయచేసి వేచి ఉండండి” అన్న మాటకు వేరే పేరు దండగ. ఒకటికి రెండుసార్లు వచ్చేది, మారగలిగినది, చూచినంతనే అర్థం కానిది, ఈ మూడింటిలో ఏది అయినా దానికి పేరు కావలెను.

ఒక విలువ మూడు అయినప్పుడు

ఇంతవరకు చదివిన విద్యార్థికి ఒక సందేహం కలగాలి. 2022లో జిల్లా పేరు మారలేదు, జిల్లా చీలింది. జిల్లా_పేరు అన్న ఒక్క చరరాశిలో మూడు జిల్లాలను ఎట్లా పెట్టడం?

పెట్టలేరు. చరరాశికి పేరు పెట్టిన ప్రోగ్రాము కూడా ఇక్కడ కొంత తిరిగి వ్రాయవలసి వస్తుంది. అయినా నలభై చోట్లనూ వెదకనక్కరలేదు, ఎందుకంటే ప్రశ్న ఎక్కడెక్కడ అడుగుతున్నదో ఆ పేరే చూపుతుంది. ఆలోచించి చూస్తే ఆ ప్రశ్న “జిల్లా పేరు ఏమి?” అన్నది కాదు, “ఈ మండలం ఏ జిల్లాలోనిది?” అన్నది. అందుకు జవాబు ఒక పట్టిక:

గుడివాడ – కృష్ణా
అవనిగడ్డ – కృష్ణా
నూజివీడు – ఏలూరు
మైలవరం – ఎన్.టి.ఆర్.

ఈ పట్టికకు మండలపు_జిల్లా అని పేరు పెట్టి, కావలసినప్పుడు దానిని అడిగితే, జిల్లాలు మరల చీలినా, కలిసినా, మారేది పట్టిక ఒక్కటే. ఇందులోనే ప్రతి వరుసకూ తేదీ చేరిస్తే, ముందు చెప్పిన పాత కాగితపు చిక్కు కూడా తీరుతుంది. 2021లో నూజివీడులో ఇచ్చిన పత్రంపై “కృష్ణా” అనే ఉండవలెను. 2023లో ఇచ్చిన దానిపై “ఏలూరు” అని ఉండవలెను. రెండూ సత్యమే.

తపాలా శాఖ, రైల్వేలు ఈ సూత్రాన్ని ఎప్పటి నుంచో పాటిస్తున్నవి. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన పిన్ కోడు పద్ధతిలో మచిలీపట్నం 521001, గుడివాడ 521301, నూజివీడు 521201. నూజివీడు జిల్లా మారినా దాని పిన్ మారలేదు. రైల్వేలలో విజయవాడ జంక్షనుకు గుర్తు బి.జెడ్.ఎ. అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు. అవి బెజవాడ అన్న పాత పేరు నుంచి వచ్చినవి. పలకపై ఊరి పేరు విజయవాడ అయింది. లోపలి గుర్తు బెజవాడగానే ఉండిపోయింది. రైళ్ళ లెక్కలన్నీ ఆ గుర్తుతో ముడిపడి ఉన్నవి కనుక దానిని కదిలించలేదు. జనం చూచే పేరు వేరు, యంత్రం పట్టుకునే గుర్తు వేరు అని విడదీయడం వలన, పై పేరు ఎన్నిసార్లు మారినా లోపలి లెక్క చెడదు.

ఈ జాగ్రత్త లేకపోతే ఎంత ఖర్చవుతుందో 1999లో ప్రపంచమంతా చూచింది. తొలినాటి ప్రోగ్రాములలో చోటు పొదుపు చేయడానికి సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే వ్రాసేవారు. ముందున్న “19” ఎన్నటికీ మారదన్న భావం వేలాది ఆదేశాలలో చెదురుమదురుగా పొదగబడి ఉండేది. 2000 సంవత్సరం సమీపించేసరికి ఆ చోట్లన్నీ వెదకి సరిచేయవలసి వచ్చింది. ఆ పనికోసం అమెరికా వెళ్ళిన యువకులలో తెలుగువారు ఎందరో ఉన్నారు. “19”కి మొదటనే ఒక పేరు పెట్టి ఒకచోట ఉంచి ఉంటే సమస్య పూర్తిగా తీరేదని చెప్పలేము. కాని వెదకవలసిన చోట్లు తగ్గిపోయేవి.

తరగతిలో చేయదగిన పని

ఈ పాఠానికి కంప్యూటరు లేకపోయినా ఇబ్బంది లేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక ఆహ్వానపత్రం వ్రాయవచ్చు. అందులో పాఠశాల పేరు, ఊరు, తేదీ, ముఖ్య అతిథి హోదా పలుమార్లు రావలెను. ఊరు గుడివాడకు బదులు అవనిగడ్డ అయినదని చెప్పి, ఎన్ని చోట్ల మార్చాలో విద్యార్థులను లెక్కించమనవచ్చు. గుడివాడ అన్న మాటను మార్చకూడని చోట కూడా ఒకసారి వచ్చేటట్లు, ఉదాహరణకు “గుడివాడ నుంచి వచ్చే బస్సు” అని, వ్రాస్తే పాఠం మరింత రక్తికడుతుంది. తరువాత మార్చవలసిన ప్రతి మాటకూ ఒక పేరు పెట్టి, పత్రాన్ని ఆ పేర్లతో తిరిగి వ్రాయమనవలెను.

కంప్యూటరు ఉన్న పాఠశాలలో మార్కుల పట్టికతోనే ఆరంభించవచ్చు. ప్రతి విద్యార్థి వరుసలోనూ 35 అని వ్రాయక, పైనున్న ఒక గడిలో ఉత్తీర్ణత మార్కును ఉంచి, మిగిలిన వరుసలన్నీ ఆ గడిని అడిగేటట్లు చేయవలెను. గడిలోని అంకెను 40 చేసి చూస్తే, ఫలితాలన్నీ ఒక్కసారిగా మారడం విద్యార్థులు కళ్ళారా చూస్తారు.

పేరు వెదకుతూ కూర్చున్నప్పుడు విద్యార్థికి ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది: ఇది ఊరా, కార్యక్రమం జరిగే స్థలమా, బస్సు బయలుదేరే చోటా? జవాబు తెలిసే వరకు పేరు కుదరదు. తాను వ్రాసే మాటకు అర్థమేమిటో వ్రాసేవాడు ముందుగా తేల్చుకోవలసి రావడమే ఈ నియమం వలన కలిగే అసలు లాభం. గుమాస్తా మనసులో ఉంచుకున్న ఆ తెలివిని, ప్రోగ్రాము వ్రాసేవాడు పేర్లలో ఉంచి తన తరువాత వచ్చేవారికి అప్పగిస్తాడు.